తనంతట తానే

తెలుగువారికి కర్తను దాచిపెట్టటం పుట్టుకతో వచ్చిన విద్య. "గ్లాసు పగిలింది" అంటాము. "పాలు పొంగిపోయాయి" అంటాము. తలుపు తెరుచుకొన్నది, దీపం ఆరిపోయింది, డబ్బు అయిపోయింది. వీటిలో ఎక్కడా చేసినవాడు కనబడడు. 'చేయు' ధాతువు మెల్లగా పక్కకు తప్పుకొంటుంది, 'అగు' ధాతువు వచ్చి దాని పీట మీద కూర్చుంటుంది. గ్లాసు చేజార్చిన నాలుగేళ్ళ పిల్లవాడు "పగిలింది" అంటాడే కాని "పగులగొట్టాను" అనడు. వాడికి ఈ ప్రయోగాన్ని ఏ పంతులూ నేర్పలేదు. సంస్కృత వైయాకరణులు దీనికి కర్మకర్తరి అని పేరు పెట్టి, అన్నం తనంతట తానే ఉడుకుతున్నదనే ఉదాహరణను శిష్యులకు చూపించారు. అన్నం తనంతట తాను ఉడకదని వారికి తెలియక కాదు. పొయ్యి వెలిగించినవారు ఒకరు, ఎసరు పెట్టినవారు ఒకరు తప్పక ఉంటారు. వక్త వారిని చెప్పదలచుకోలేదు, అంతే.

"మా కంప్యూటరు తనంతట తానే ఆన్ అవుతున్నది" అనే వాక్యం కూడా ఈ జాతిలోనిదే. ఈ మాటను నేను పలువురి నోట విన్నాను. మొన్న కార్తీకం నుండి సంక్రాంతి దాకా మా ఇంట్లోనూ ప్రతిదినం వినవలసి వచ్చింది. అందులో నేను గమనించిన విశేషం ఒకటున్నది. కర్త లోపించిన వాక్యాన్ని లోకం ఎక్కువకాలం అలాగే ఉండనివ్వదు. ఎవరినో ఒకరిని తెచ్చి ఆ ఖాళీలో కూర్చోబెడుతుంది. అలా కూర్చోబెట్టబడేది సాధారణంగా ఇంట్లో అందరికన్న బలహీనమైన మనిషే.

ఆ కథకు ముందు యంత్రం సంగతి కొంత చెప్పుకోవాలి. మనం ఆపివేశామనుకొంటున్న కంప్యూటరు నిజానికి పూర్తిగా ఆగి ఉండదు. పూర్వపు కంప్యూటర్లకు గోడమీది స్విచ్చి వంటి గట్టి మీట ఉండేది. అది కిందికి పడిందంటే విద్యుత్తు తెగినట్లే. 1995లో ఇంటెల్ సంస్థ ఏటీఎక్స్ అనే కొత్త అమరికను ప్రవేశపెట్టింది. అప్పటి నుండి డబ్బా ముఖాన ఉండే మీట విద్యుత్తును తెంపటం మానివేసింది. అది ఇప్పుడు ఒక విన్నపం మాత్రమే చేస్తుంది. గోడ స్విచ్చి వేసి ఉన్నంతసేపు, మనవాళ్ళు ఎస్‌ఎంపీఎస్ అని పిలిచే విద్యుత్ పెట్టె నుండి ఒక ఊదారంగు తీగ అయిదు వోల్టులను బోర్డుకు అందిస్తూనే ఉంటుంది. ఆ కాస్త శక్తితో బోర్డులో ఒక మూల మెలకువగా ఉండి పిలుపు కోసం చెవి ఒగ్గి ఉంటుంది. పిలుపు రాగానే ఆకుపచ్చ తీగను భూమికి కలుపుతుంది. పంకాలు తిరుగుతాయి, తెర వెలుగుతుంది.

తొలి ఏకాదశినాడు విష్ణుమూర్తి శయనించి కార్తీక శుద్ధ ఏకాదశినాడు మేల్కొంటాడని మనవారు చెప్పుకొంటారు. ఆ నిద్రకు యోగనిద్ర అని పేరు. కళ్ళు మూసుకొని ఉన్నా లోకం తెలుస్తూనే ఉండే నిద్ర. కంప్యూటరు నిద్ర కూడా అటువంటిదే. 1996లో వెలువడిన ఏసీపీఐ అనే ప్రమాణం ఈ అవస్థలకు సున్న నుండి అయిదు వరకు అంకెలు వేసింది. సున్న జాగ్రదవస్థ. మూడు నిద్ర. నాలుగు గాఢనిద్ర, అంటే మనస్సులోని విషయమంతా డిస్కు మీద రాసిపెట్టుకొని పడుకోవటం. అయిదవది మనం 'షట్ డౌన్' చేసినప్పటి స్థితి. అందులోనూ ఊదా తీగ బతికే ఉంటుంది. ప్లగ్గు పీకివేసిన స్థితికి ఈ వరుసలో చోటు లేదు, దానిని వేరుగా చెప్పారు. మాండూక్యోపనిషత్తు జాగ్రత్స్వప్నసుషుప్తులను దాటి నాలుగవదాన్ని చెప్పింది. ఇంజనీర్లకు మరికొన్ని కావలసి వచ్చాయి.

కనుక అడగవలసిన ప్రశ్న "ఎందుకు లేచింది" అని కాదు, "ఎవరు పిలిచారు" అని. పిలవగలిగినవారు పట్టుమని అయిదారుగురే.

మొదటిది మీటయే. దాని నుండి వచ్చే రెండు సన్నని తీగలు బోర్డు మీద రెండు లోహపు ముల్లులకు తగిలించి ఉంటాయి. ఆ రెండూ క్షణకాలం ఒకదానికొకటి తగిలితే చాలు, యంత్రం లేస్తుంది. తేమకు తుప్పుపట్టినా, మీట లోపలికి నొక్కుకొని ఉండిపోయినా ఈ స్పర్శ దానికదే జరుగుతుంది. పరీక్ష సులభం. ఆ తీగల కొస ఊడదీసి రెండు రోజులు ఊరుకోవాలి. అయినా లేస్తున్నదంటే మీట నిర్దోషి.

రెండవది కీబోర్డు, మౌసు. ఇవి ఎక్కువగా నిద్రావస్థలోని యంత్రాన్నే లేపుతాయి. పక్కగదిలో గ్రైండరు తిరిగి బల్ల అదిరినా మౌసు తన కింద నేల కదిలిందనుకొంటుంది. విండోస్ వాడుతున్నవారు డివైస్ మేనేజరులో ఆ మౌసుకు యంత్రాన్ని లేపే అధికారం తొలగించవచ్చు. నిద్రలోంచి లేపినవారెవరో చెప్పమని విండోస్‌నే అడిగే మార్గమూ ఉన్నది. ఆజ్ఞలు రాసే నల్లతెరలో 'పవర్‌సీఎఫ్‌జీ' అని, ఒక ఖాళీ విడిచి, ఏటవాలు గీత గీసి, 'లాస్ట్‌వేక్' అని రాయాలి. చివరి మాట బదులు 'వేక్‌టైమర్స్' అని రాస్తే ముందుముందు లేపటానికి ముహూర్తం పెట్టుకొని కూర్చున్నవారి జాబితా వస్తుంది. (ఈ ఆజ్ఞలను నేను తెలుగు లిపిలో రాశాను. యంత్రానికి మాత్రం ఇంగ్లీషు అక్షరాలలోనే రాయండి, అది ఇంకా మన లిపి దాకా రాలేదు.) నడిరాత్రి రెండుగంటల ప్రాంతంలో లేచే విండోస్ యంత్రాలలో చాలావాటికి కారణం ఈ రెండవ జాబితాలోనే దొరుకుతుంది. ఇల్లు ఊడ్చుకొనే పనిని విండోస్ ఆ వేళకు పెట్టుకొన్నది.

మూడవది నెట్‌వర్కు తీగ. దూరాన ఉన్న మరొక కంప్యూటరు దీనిని పిలిచి లేపవచ్చు. ఆ పిలుపు స్వరూపం నాకు మిక్కిలి నచ్చింది. ముందు 255 అనే అంకెను ఆరుమార్లు పలికి, తరువాత లేవవలసిన యంత్రం చిరునామాను పదహారు మార్లు జపిస్తారు. మొత్తం 102 అక్షరాల మంత్రం. దీనికి వారు పెట్టిన పేరు కూడా ఇంద్రజాలపు పొట్లం అనే అర్థం వచ్చేదే. కుంభకర్ణుణ్ణి లేపటానికి ఏనుగులను తెచ్చిన లంకవాసులకు ఈ ఉపాయం తెలియదు పాపం.

నాలుగవది కరెంటు. పోయిన కరెంటు తిరిగి రాగానే ఏమి చేయాలో బోర్డుకు ముందే చెప్పి ఉంచవచ్చు. ఆగి ఉండమనవచ్చు, లేవమనవచ్చు, పోయే ముందు ఎలా ఉన్నదో అలాగే ఉండమనవచ్చు. అయిదవది గడియారం. దీని సంగతే మా ఇంటి కథ.

మా కంప్యూటరు కొత్తది కాదు. ఒక కార్యాలయం వారు వదిలించుకొన్న పెట్టెలను తెచ్చి అమ్మే దుకాణంలో మూడేళ్ళ కిందట కొన్నాము. విండోస్ 10తో బాగానే నడిచింది. 2025 అక్టోబరు 14తో దానికి సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కిద్దామంటే ఈ వయసు యంత్రం దానికి అర్హం కాదన్నది. దీపావళికి వచ్చిన మా మనవడు ఉన్నదంతా తుడిచివేసి లినక్సు వేసి వెళ్ళాడు. నేను ఉదయం ఎనిమిదింటికి దానిముందు కూర్చొని, పన్నెండింటికి ఆపి భోజనానికి లేస్తాను. ఆ తరువాత ఇల్లంతా కునుకు తీసే వేళ.

కార్తీకమాసంలో ఒకనాడు కునుకు లేచి వచ్చేసరికి ముందుగదిలో తెర వెలుగుతున్నది. మరునాడూ అంతే. ఆ గదిలో ఉన్నది ఒక్కరే. మా ఇంట్లో అంట్లుతోమే ఆమె కూతురు. డిగ్రీ మొదటి సంవత్సరం. రెండు దాటాక కళాశాల నుండి నేరుగా మా ఇంటికి వచ్చి, తల్లి పని ముగిసేదాకా ముందుగదిలో చాప వేసుకొని చదువుకొంటుంది. "నేను ముట్టుకోలేదు మాస్టారూ. అదే వచ్చింది" అన్నది. మా అక్కయ్య మాతోనే ఉంటుంది, ఎనభై దగ్గర పడుతున్న మనిషి. "అదే ఎలా వస్తుందిరా? పిల్లకి ఏదో చూడాలనిపించి ఉంటుంది. అడిగితే ఇవ్వమా?" అన్నది. కోపం లేకుండానే అన్నది. కోపంతో అన్నమాటకైతే బదులు చెప్పవచ్చు.

ఆ పిల్ల మరునాటి నుండి చాప తీసుకొనిపోయి వరండాలో వేసుకొన్నది. మార్గశిరంలో వరండాలో గాలి చల్లగా కొడుతుంది, వెలుతురు త్వరగా పోతుంది. లోపలికి రమ్మంటే "ఇక్కడే బాగుందండీ" అంటుంది. తల్లి ఏమీ అనలేదు. గిన్నెల చప్పుడు మాత్రం ఎన్నడూ లేనంత తగ్గింది.

నేను ఒక పాత నోటుపుస్తకంలో హాజరుపట్టీ వంటిది గీసుకొన్నాను. తేదీ, గోడగడియారంలో వేళ, కరెంటు పోయిందా, ఇంట్లో ఎవరెవరున్నారు. నెల తిరిగేసరికి ఇరవైమూడు నమోదులు అయ్యాయి. వాటిలో నాలుగు అర్ధరాత్రివి, ఆ నాలుగు రాత్రులూ కరెంటు పోయి వచ్చింది. తక్కిన పందొమ్మిదీ మధ్యాహ్నం రెండున్నరవి. రెండూ ఇరవైతొమ్మిది కాదు, ముప్పై ఒకటి కాదు. మనుషులెవ్వరూ అంత నియమంగా తప్పుచేయలేరు. నలభైయేళ్ళు పిల్లల తప్పులు దిద్దినవాడిగా ఈ మాట రూఢిగా చెప్పగలను.

సంక్రాంతికి ఆ పిల్ల తల్లితో అమ్మమ్మగారి ఊరు వెళ్ళింది. భోగినాడు రెండున్నరకు అందరమూ చూస్తుండగా కంప్యూటరు లేచి కూర్చున్నది. వివాదం తీరిపోయిందనుకొన్నాను. అక్కయ్య కాసేపు తెరవంక చూసి, "అయితే వెళ్ళేముందు ఇందులో ఏదో పెట్టి వెళ్ళిందేమో. ఈకాలపు పిల్లలకు అన్నీ తెలుసు" అన్నది. అనుమానానికి సాక్ష్యంతో పనిలేదు. ఒక చోట దారి మూస్తే మరొక చోట తెరుచుకొంటుంది. (ఇక్కడ 'తెరుచుకొంటుంది' అనటం నాకు ఇష్టమే.)

కనుమ వెళ్ళిన మరునాడు మరమ్మతులు చేసే కుర్రవాణ్ణి పిలిపించాను. మంచివాడే. మీట తీగలు ఊడదీశాడు, నెట్‌వర్కు తీగ పీకాడు. అయినా రెండున్నరకు లేచింది. పిమ్మట యంత్రం మొదలయ్యే క్షణంలో డిలీట్ మీట నొక్కి, బయోస్ అనే మూలస్థానంలోకి వెళ్ళాడు. అక్కడి గడియారం వెనుకబడి ఉన్నది. "సెల్లు పోయిందండీ. మారిస్తే సరిపోతుంది" అన్నాడు.

బోర్డు మీద రూపాయి బిళ్ళంత సెల్లు ఒకటుంటుంది. దాని పేరు సీఆర్ 2032. ఇరవై మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, పేరులోనే కొలతలున్నాయి. అన్వర్థనామం అంటే ఇదీ. ప్లగ్గు పీకినా బోర్డు గడియారాన్ని నడిపేది ఈ మూడు వోల్టుల సెల్లే. ఆ గడియారంలో ఒక స్ఫటికం సెకనుకు 32,768 మార్లు కంపిస్తూ ఉంటుంది. సెల్లు నీరసిస్తే గడియారం వెనుకబడటం నిజమే. అందులో అబ్బాయి చెప్పినదానికి వంక లేదు.

అయితే ఎంత వెనుకబడింది? నేను గోడగడియారం చూసి లెక్కకట్టాను. సరిగ్గా అయిదున్నర గంటలు, నిమిషం ఎక్కువ తక్కువ లేదు. నీరసించిన గడియారం దారి తప్పుతుంది కాని, అయిదున్నర గంటల మైలురాయి దగ్గర బుద్ధిగా ఆగి కూర్చోదు. అయిదున్నర అనగానే మన పాఠశాల భూగోళం గుర్తుకు రావాలి. 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని అనుసరించి 1906 జనవరి 1 నుండి మన దేశానికి ఏర్పడిన ప్రామాణిక కాలానికి, గ్రీనిచ్ కాలానికి ఉన్న అంతరం అదే.

సెల్లు మార్చవద్దన్నాను. కుర్రవాడు ఆశ్చర్యపోయాడు. ఎనభై రూపాయల సెల్లుకు వెనుకాడుతున్నాననుకొని ఉంటాడు. చాలా బోర్డులలో సెల్లు తీసి పెడితే లోపలి అమరికలన్నీ చెరిగిపోయి మొదటికి వస్తాయి. రోగం ఆ పూటతో కుదిరేదే, నిదానం మాత్రం ఎన్నటికీ తెలిసేది కాదు. పిల్ల ఊళ్ళో లేనప్పుడు మాస్టారు ఏదో బాగుచేయించారు, అప్పటి నుండి రావటం మానింది అని కథ స్థిరపడిపోయేది. ఆ పిల్ల డిగ్రీ ముగిసేదాకా వరండాలోనే ఉండేది.

మనవడికి ఫోను చేశాను. వాడు నవ్వి, "తాతయ్యా, అది తప్పు నడవటం కాదు. విండోస్ బోర్డు గడియారాన్ని మన ఊరి కాలంలో ఉంచుతుంది. లినక్సు గ్రీనిచ్ కాలంలో ఉంచి, తెరమీద చూపేటప్పుడు మాత్రం అయిదున్నర కలిపి చూపుతుంది" అన్నాడు. 'టైమ్‌డేట్‌సీటీఎల్' అనే ఆజ్ఞ ఇస్తే రెండు కాలాలూ పక్కపక్కన కనబడ్డాయి. ఒకటి మన ఊరిది, రెండవది బోర్డుది.

తిరిగి బయోస్‌లోకి వెళ్ళి, ఈసారి విద్యుత్తుకు సంబంధించిన పుటలో వెదికాము. గడియారంతో లేపటం అనే అంశం ఉన్నది. (ఒక్కొక్క తయారీదారు దీనికి ఒక్కొక్క పేరు పెడతాడు. ఆర్‌టీసీ అనో అలారం అనో ఉన్నచోట చూసుకోండి.) దానిని ఎవరో పనిచేసేలా పెట్టారు. ప్రతిదినం, తొమ్మిది గంటల సున్న నిమిషాలు. దాని కిందనే కరెంటు తిరిగి వస్తే లేవాలన్న ఆజ్ఞ. ఆ నాలుగు అర్ధరాత్రులకు అదీ సమాధానం.

తొమ్మిదికి అయిదున్నర కలిపితే రెండున్నర. విండోస్ ఉన్న మూడేళ్ళూ అది ఉదయం తొమ్మిదికే లేవవలసి ఉండేది. ఆ వేళకు నేను దానిముందే ఉంటాను కనుక లేవవలసిన పని దానికి పడలేదు. లినక్సు వచ్చి బోర్డు గడియారాన్ని గ్రీనిచ్‌కు తిప్పేసరికి, తొమ్మిది మా కునుకువేళకు వచ్చి పడింది.

అమ్మిన దుకాణానికి ఫోను చేసి అడిగాను. ఆ పెట్టెలన్నీ ఒకే కార్యాలయం నుండి వచ్చాయట. ఉద్యోగులు వచ్చేసరికి సిద్ధంగా ఉండాలని అక్కడ అన్నింటినీ తొమ్మిదికే లేచేలా పెట్టారట. "డిస్కు మొత్తం తుడిచేశామండీ, బయోస్ జోలికి మేం పోలేదు" అన్నాడు. డిస్కు తుడిచినా, విండోస్ పోయి లినక్సు వచ్చినా, బోర్డు మీది చిన్న చిప్పులో ఈ ఒక్క ఆజ్ఞ మిగిలిపోయింది. దేహం మారినా వాసన పోలేదన్నమాట. ఉద్యోగం నుండి తొలగించారని ఎవరూ చెప్పని బంట్రోతువలె అది రోజూ వేళకు లేచి కార్యాలయానికి ముస్తాబయ్యేది. పదవీ విరమణ చేసిన తరువాత మొదటిగంట వేళకు ఇంట్లో చొక్కా తొడుక్కొని నిలబడిన ఉపాధ్యాయులను నేను ఎరుగుదును, కాబట్టి దానిని ఎగతాళి చేయను.

కర్త అంటే స్వతంత్రుడు అని పాణిని నిర్వచనం. ప్రేరణలో చేయించేవాడు వేరు, చేసేవాడు వేరు. ఇక్కడ చేసినది గడియారం. చేయించినవాడు పేరు తెలియని ఒక కార్యాలయోద్యోగి, ఆ పిల్ల ఇంకా బడిలో ఉన్న రోజులలో. అక్కయ్యను పిలిచి కుర్చీ వేసి, నోటుపుస్తకం ముందు పెట్టి, ఈ లెక్కంతా చెప్పాను. పూర్తిగా విన్నది. చివరన ఒకే ప్రశ్న వేసింది.

"అయితే ఆ తొమ్మిదింటికి పెట్టినవాడు ఇప్పుడెక్కడున్నాడురా?"

పిల్ల ఊరి నుండి వచ్చిన నాడు నేను ఆ అమరికను ఇంకా తీసివేయలేదు. రెండు ఇరవైకి తల్లీకూతుళ్ళను, అక్కయ్యను, మా ఆవిడను ముందుగదిలో కూర్చోబెట్టాను. రెండున్నరకు అది లేచింది. తరువాత బయోస్ పుట తెరిచి, ఆ తొమ్మిదిని చూపించి, తీసివేయమని పిల్లకే చెప్పాను. తాను ముట్టుకోనని వెనక్కు తగ్గింది. "ముట్టుకోవే, నేనున్నాగా" అన్నది అక్కయ్య. పిల్ల కీబోర్డు దగ్గరకు వచ్చి, నొక్కబోయి ఆగింది.

"మాస్టారూ, పొద్దున్నే అయిదింటికి లేవాలంటే ఇందులో రాత్రి పదకొండున్నర పెట్టాలి కదండీ?"

అవునన్నాను. అప్పుడు నొక్కింది.